మారిలియన్ 'క్లచింగ్ ఎట్ స్ట్రాస్' మళ్లీ వినవచ్చా? వింటే ఎలా వినాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. పింక్ ఫ్లాయిడ్, జెత్రో టల్ లాంటి బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లని బాగా విన్నారు. మారిలియన్ కూడా అలాంటి బ్యాండే. మారిలియన్ 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' నచ్చి, దాని తర్వాత వచ్చిన 'క్లచింగ్ ఎట్ స్ట్రాస్' పెట్టుకున్నారు. "ఎవరో తాగుబోతు గంటసేపు గోడు వెళ్లబోసుకున్నట్టుంది, ఒక్క పాటా గుర్తుండలేదు" అనిపించి వదిలేశారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు స్నేహితులు అదే గొప్పదంటుంటే అనుమానం వచ్చింది. మళ్లీ వినాలా, వింటే ఎలా, ఏ ఎడిషన్ అని అడిగారు. ఈమధ్యే మందు మానేసిన మీ రూమ్మేట్‌కి దాన్ని వినిపించవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. తప్పకుండా మళ్లీ వినండి. గాయకుడు ఫిష్ పాడిన నాలుగు మారిలియన్ స్టూడియో ఆల్బమ్‌లలో నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పైన. రూమ్మేట్‌కి మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను ఇందిరానగర్‌లో చాలా ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ, అందులోనూ సాఫ్ట్‌వేర్ వాళ్లు. మారిలియన్ గిటారిస్ట్ స్టీవ్ రోథరీ వాయించిన భాగాలు పాఠంగా చెప్పే క్రమంలో ఈ ఆల్బమ్‌ని ముక్కలు ముక్కలుగా విప్పి చూడాల్సి వచ్చింది. నా అభిప్రాయం అక్కణ్నుంచే పుట్టింది.

మీకు వినపడింది ఉన్నదే. అది తాగుబోతు గోడే. కానీ ఆ గోడులో సగానికి సగం సాకులు. అవి సాకులని రాసినవాడికి తెలుసు, వాయించేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఫిష్ గొంతు సాకు చెబుతుంటే, రోథరీ గిటార్ ఆ సాకు దాస్తున్నదాన్ని బయటపెడుతుంది. మాటలు ఒకవైపు, వాద్యాలు ఒకవైపు పెట్టుకుని వినండి. మొదటిసారి ఏడుపుగా వినిపించింది ఈసారి అలా వినపడదు. తన అబద్ధం తన చెవిన పడుతున్న మనిషి అక్కడ కనిపిస్తాడు.

కథ సంగతి కొంచెం. ఆల్బమ్ 1987 జూన్‌లో వచ్చింది. ఇందులో టార్చ్ అనే పాత్ర ఉంటుంది. వయసు 29. పని లేదు, పెళ్లి నిలవలేదు, పిల్లలకి తండ్రిగా ఉండలేకపోయాడు, పాటగాడిగానూ పైకి రాలేదు. రాసిన ఫిష్ వయసు కూడా అప్పుడు 29. అప్పటికి బ్యాండ్ విజయం మీద ఉంది. 1985లో 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది, అందులోని 'కేలీ' పాట సింగిల్స్‌లో రెండో స్థానం దాకా వచ్చింది. ఆ గెలుపు వెంట ఊళ్లు తిరగడం, హోటల్ గదులు, తాగుడు వచ్చాయి. టార్చ్ ఓడిపోయిన పాటగాడు, ఫిష్ గెలిచినవాడు. ఇద్దరూ ఒకే బార్‌లో కూర్చున్నారు. ఆ చిన్న దూరం ఉండబట్టే ఫిష్ తన గురించి అంత నిజం చెప్పగలిగాడని నేను నమ్ముతాను. "నేను, నేను" అని నేరుగా రాసుకునే పాటల్లో మనిషి తనని ఎంతోకొంత కాపాడుకుంటాడు. పాత్రను ముందు నిలబెడితే ఆ మొహమాటం పోతుంది.

మన వాళ్లకి ఇలాంటి సాహిత్యం దగ్గర ఒక ఇబ్బంది ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని చిన్నప్పట్నుంచీ విన్నవాళ్లం. ఇంటి గుట్టు వీధిలో పెట్టేవాణ్ని చూస్తే మనకి జాలికంటే ముందు చిరాకు వస్తుంది. దానికి తోడు మన సినిమాల్లో తాగే హీరోకి పక్కనే విఫల ప్రేమ ఉంటుంది, విధి ఉంటుంది, కాబట్టి తాగుడు త్యాగంలా కనిపిస్తుంది. టార్చ్‌కి ఆ గౌరవం ఎవరూ ఇవ్వరు. మీకు మొదటిసారి నచ్చకపోవడానికి ఇది కూడా కారణమై ఉండొచ్చు.

ఎలా వినాలంటే, మొదటి మూడు పాటలూ ఆపకుండా ఒకే పాటగా వినండి. 'హోటల్ హాబీస్', 'వార్మ్ వెట్ సర్కిల్స్', 'దట్ టైమ్ ఆఫ్ ద నైట్'. ఒకదానిలోంచి ఒకటి నేరుగా పారతాయి. ఫోన్‌లో షఫుల్ పెట్టుకుని వింటే ఈ ఆల్బమ్ సగం చచ్చిపోతుంది.

'హోటల్ హాబీస్' మొదలయ్యేటప్పుడు వాల్యూమ్ పెంచకండి. అది కావాలనే అంత లోగొంతుతో మొదలవుతుంది. తెల్లవారుజామున హోటల్ గది, సర్దని పక్క, పెట్టెలో మిగిలిన ఆఖరి సిగరెట్. కాగితం మీద కలం ఈసీజీ గీతలా పరుగెత్తుతూ ఉంటుంది. ఉన్న ప్రాణమంతా ఆ కలానిదే. తర్వాత ఒక్కసారిగా గిటార్ విరుచుకుపడుతుంది. ఆ వెంటనే ఫిష్ వేసే ప్రశ్న హ్యాపీ అవర్‌లో ఏడుస్తావా అని. చర్చ్ స్ట్రీట్‌లో, కోరమంగళలో హ్యాపీ అవర్ బోర్డుల పక్కనుంచి రోజూ నడిచే మనకి ఆ రెండు మాటలు ఎంత మామూలో ఆలోచించండి. ఆ మామూలు మాటనే అతను నిలదీసే ప్రశ్నగా మార్చాడు.

'వార్మ్ వెట్ సర్కిల్స్'లో ఉన్నది బార్ బల్ల మీద గ్లాసు వదిలిన తడి వలయం. అదే వలయం పాటంతా రూపాలు మార్చుకుంటూ ముద్దు అవుతుంది, తూటా రంధ్రం అవుతుంది. ఊళ్లో పబ్‌లో ఒక జంట, వాళ్ల నిశ్చితార్థం, అక్కడే ముడిపడిపోయిన జీవితం. ఇక్కడ రోథరీ వేగంగా ఏమీ వాయించడు. క్లీన్ టోన్ మీద కోరస్, డిలే అనే ఎఫెక్టులు వేసి స్వరాలని విడివిడిగా వదులుతాడు. మూడో పాటలో పీట్ ట్రెవావాస్ బేస్ ముందుకొస్తుంది. చివర్లో మళ్లీ ఆ వలయాల మాటే తిరిగొస్తుంది, టెస్సా నైల్స్ గొంతుతో కలిసి. బయటికి వెళ్లే దారి లేదన్న సంగతి మాటతో చెప్పనక్కర్లేకుండా సంగీతమే చెప్పేసింది.

ఆ తర్వాత 'గోయింగ్ అండర్' వస్తుంది. మూడు నిమిషాలు కూడా ఉండదు. గిటార్, మెత్తటి గొంతు, అంతే. మొదట్లో వచ్చిన ఎల్పీలో ఈ పాట లేదు, సీడీలో ఉంది. ఎల్పీ కొనుక్కునేటట్లయితే చూసుకోండి. నాకైతే అది లేకుండా ఆల్బమ్ అసంపూర్ణంగా ఉంటుంది.

'జస్ట్ ఫర్ ద రికార్డ్' రేపట్నుంచి మానేస్తాననే మనిషి పాట. ఎప్పుడంటే అప్పుడు ఆపేయగలను అంటాడు. గమనించాల్సింది మార్క్ కెల్లీ కీబోర్డులు. హుషారుగా, గెంతుతూ ఉంటాయి. మాట ఇచ్చేవాడి నమ్మకం అంత తేలిగ్గా ఉందని అవే చెబుతాయి. ఇదే మాటలకి విషాదంగా వాయించి ఉంటే పాట పాడైపోయేది.

'వైట్ రష్యన్' దగ్గర కొంతమంది ఆగిపోతారు. కథ ఉన్నట్టుండి ఆస్ట్రియా వెళ్లిపోతుంది, యూదుల మీద మళ్లీ లేస్తున్న ద్వేషం గురించి మాట్లాడుతుంది. తాగుడు కథలో ఇదెందుకని నా విద్యార్థులు అడుగుతూ ఉంటారు. నా జవాబు ఒకటే. లోకం తగలబడుతుంటే చూస్తూ, గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడి సిగ్గు అది. ఏం చేయాలో తెలియకపోవడం కూడా అతనికి ఇంకో సాకు. ఆల్బమ్‌లో ఇది బలమైన పాట అనే అంటాను, కాకపోతే మొదటిసారి వినేవాళ్లకి దారి తప్పినట్టు ఉంటుందని ఒప్పుకుంటాను.

'ఇన్‌కమ్యూనికాడో' సింగిల్‌గా వచ్చి బ్రిటన్‌లో ఆరో స్థానానికి చేరింది. కీర్తి కావాలి, కానీ ఎవరికీ అందకూడదు అనే ధోరణి మీద రాసిన పాట. ఆల్బమ్ పరిచయానికి చాలామంది దీన్నే ముందు వినిపిస్తారు. నేను దీంతో మొదలుపెట్టొద్దంటాను. ఇందులో కీబోర్డు శబ్దం బాగా పాతబడింది, పైగా మిగతా ఆల్బమ్ గురించి తప్పుడు అంచనా ఇస్తుంది.

ఇక్కణ్నుంచి ఆఖరి వరకు అసలు సరుకు.

'టార్చ్ సాంగ్' మధ్యలో ఒక సంభాషణ ఉంది. ఇలాగే ఉంటే ముప్పై చూడవని డాక్టర్ చెప్తాడు. అలా పోవడంలోనూ ఒక అందం ఉంది, అది మా వారసత్వం అన్నట్టు టార్చ్ బదులిచ్చి, ఈసారి రౌండ్ నీదే కదా అంటాడు. ఇప్పుడు ఆల్బమ్ అట్ట తీసి చూడండి. మార్క్ విల్కిన్సన్ వేసిన బొమ్మ. ఎసెక్స్‌లోని కోల్చెస్టర్ ఊళ్లో ఉన్న బేకర్స్ ఆర్మ్స్ అనే పబ్ ఆధారంగా వేశాడు. టార్చ్ పక్కన కవులు రాబర్ట్ బర్న్స్, డిలన్ థామస్, రచయిత ట్రూమన్ కపోటీ, హాస్య కళాకారుడు లెనీ బ్రూస్ ఉన్నారు. వెనక అట్ట మీద గాయకుడు జాన్ లెనన్, నటుడు జేమ్స్ డీన్, రచయిత జాక్ కెరువాక్. డిలన్ థామస్ 1953లో 39 ఏళ్లకి పోయాడు. లెనీ బ్రూస్ 1966లో 40 ఏళ్లకి, మత్తుమందు ఎక్కువై. టార్చ్ చెప్పే వారసత్వం ఇదే. గొప్పవాళ్లు తాగారు, నేనూ తాగుతున్నాను, కాబట్టి నేనూ గొప్పవాణ్ని. కళాకారుల్లో ఈ వాదన నేను చెవులారా విన్నాను, ఈ ఊళ్లోనే, చాలాసార్లు. ఫిష్ దాన్ని డాక్టర్ ముందు పెట్టించి, ఆ తర్వాత దాని మీద ఒక్క మాట కూడా మాట్లాడడు. వినేవాళ్లకి వదిలేస్తాడు.

'స్లాంజ వా' గేలిక్ భాషలో గ్లాసులు ఎత్తేటప్పుడు చెప్పుకునే మాట, ఆరోగ్యంగా ఉండాలని. మొదటి ప్రపంచ యుద్ధపు ఫ్లాండర్స్ ముళ్లకంచెల నుంచి స్కాట్లాండ్‌లోని బిల్‌స్టన్ గ్లెన్ బొగ్గు గని దాకా ఓడిపోయినవాళ్లందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది ఆ పాట. 1984-85 గని కార్మికుల సమ్మె ఓడిపోయి అప్పటికి రెండేళ్లే. ఇక్కడ తాగుడు ఒక మనిషి సమస్య మాత్రమే కాదని అర్థమవుతుంది.

ఇక 'షుగర్ మైస్'. ఒక్క పాటే వినే టైమ్ ఉంటే ఇది వినండి. అమెరికాలోని మిల్వాకీలో వానపడుతున్న ఆదివారం, హోటల్ గదిలో టీవీ ఛానెళ్లు మారుస్తున్నాడు. ఫిష్ టూర్‌లో అక్కడి హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాక పుట్టిన పాట ఇది. పాటలో అది పని పోయి ఇల్లు వదిలి వచ్చిన తండ్రి కథ అయింది. పిల్లలతో ఫోన్‌లో మాట్లాడటమే తాను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అంటాడు. వాళ్లు అడిగే ప్రశ్నలని బట్టి ఇంట్లో భార్య ఒంటరిగా ఉందని అతనికి తెలుస్తుంది. ప్రభుత్వం నాకు పని లేకుండా చేసిందని ఒకచోట అంటాడు, అదీ నిజమే. 1980లలో బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. అదే పాటలో, నింద నా మీదే వేయి అనీ అంటాడు. సాకు, ఒప్పుకోలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది నిజమో అతనికే తేలడం లేదు.

ఆ మాటలు అయ్యాక గొంతు తప్పుకుని గిటార్ అందుకుంటుంది. నేను ఈ సోలో నేర్పేటప్పుడు జరిగేది చెప్తాను. స్వరాలు పెద్ద కష్టం కాదు, చేతివాటం ఉన్న కుర్రాడు వారంలో పట్టేస్తాడు. వేళ్లు పడతాయి కానీ పాట రాదు. ఎందుకంటే రోథరీ ఒక స్వరాన్ని బెండ్ చేసి, అంటే తీగని లాగి, పైకి తీసుకెళ్లి, అక్కడే నిలబెట్టి, వైబ్రాటోని, అంటే స్వరం వణుకుని, ఆలస్యంగా మొదలుపెడతాడు. తర్వాతి స్వరానికి తొందరపడడు. మనవాళ్లు ఆ ఖాళీని భరించలేక ఏదో ఒకటి నింపేస్తారు. అందుకని గిటార్ పక్కన పెట్టించి ముందు సోలోని నోటితో పాడమంటాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాల్సి వస్తుందో అక్కడే గిటార్‌లో కూడా ఆగాలి. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే ఒక విద్యార్థి, భార్యా పిల్లలు కడపలో ఉంటారు, ప్రతి శుక్రవారం రాత్రి మడివాలలో బస్సెక్కుతాడు. అతనికి ఇంగ్లీష్ లిరిక్స్ మీద పెద్ద ఆసక్తి లేదు. పిల్లల ఫోన్ గురించిన ఆ రెండు పంక్తులు తెలుగులో విడమర్చి చెప్పాను. ఏమీ అనలేదు. ఆ తర్వాత వాయించినప్పుడు మొదటి బెండ్‌ని పూర్తిగా నిలబెట్టాడు. నేను కొత్తగా చెప్పిన టెక్నిక్ ఏమీ లేదు.

ఆఖరి పాట 'ద లాస్ట్ స్ట్రా'. మునిగేవాడు గడ్డిపోచలు పట్టుకుంటూనే ఉన్నాడు, ఇంకా మునుగుతూనే ఉన్నాడు. టెస్సా నైల్స్ గొంతు పైకి లేచి ఫిష్ గొంతుని దాటిపోతుంది. ఓదార్పు ఏదీ దొరకదు. ఓదార్చి ముగించి ఉంటే అది కూడా ఇంకో సాకే అయ్యేది.

మరి ఇంత మంచిదైతే ఎందుకు మరుగున పడింది? బ్రిటన్‌లో అది ఫ్లాప్ కాదు, ఆల్బమ్ చార్టులో రెండో స్థానానికి వచ్చింది. కానీ ముందున్నది నంబర్ వన్, అందులో 'కేలీ' ఉంది. వెనకాల 1988లో ఫిష్ బ్యాండ్ వదిలేశాడు, 1989లో కొత్త గాయకుడు స్టీవ్ హోగార్త్‌తో 'సీజన్స్ ఎండ్' వచ్చింది. అప్పట్నుంచి అందరూ ఏ గాయకుడు గొప్ప అనే తగువులో పడ్డారు. ఈ ఆల్బమ్ చీలికకి ముందు మాటగా మిగిలిపోయింది. మన ఊరి సంగతి వేరు. బెంగళూరు రాక్ అభిమానం ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పెరిగింది. 2002లో అక్కడ పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్ వాయించాడు, 2007లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ వాయించింది. ఒకరు పెద్ద దృశ్యం, ఒకరు పెద్ద శబ్దం. ప్రోగ్, అంటే మారిలియన్ లాంటివాళ్ల ప్రోగ్రెసివ్ రాక్, అంటే ఇక్కడ కుర్రాళ్లు తాళం లెక్కలు, వేళ్ల వేగం వెతుక్కున్నారు. ఈ ఆల్బమ్‌లో ఆ రెండూ పైకి కనబడవు. ఇయన్ మోస్లీ డ్రమ్స్‌లో లెక్క ఉంది, కానీ దాన్ని చూపించుకోడు.

ఎడిషన్ విషయం. 1987 నాటి మిక్స్‌ని క్రిస్ కిమ్సీ నిర్మాణంలో చేశారు. బాగుంటుంది, కానీ ఆ కాలపు ప్రతిధ్వని ఎక్కువ. 2018లో ఆండీ బ్రాడ్‌ఫీల్డ్, ఏవ్రిల్ మాకింతోష్ చేసిన రీమిక్స్‌లో గొంతు నా చెవికి దగ్గరగా వచ్చింది, బేస్ విడిగా వినబడుతుంది. మొదటిసారి నచ్చనివాళ్లకి నేను అదే చెప్తాను. ఆ సెట్‌లో 1987 డిసెంబరు ఎడిన్‌బరో ప్లేహౌస్ కచేరీ కూడా ఉంది. 1999 నాటి రెండు సీడీల ఎడిషన్ దొరికితే వదలకండి. ఫిష్ వెళ్లిపోకముందు తర్వాతి ఆల్బమ్ కోసం చేసుకున్న డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, అందులో ఉన్నాయి. వాటిలో ఒకదాని సంగీతం 'సీజన్స్ ఎండ్'లో 'బెర్లిన్' పాటకి వెళ్లింది, మాటలు ఫిష్ సొంత ఆల్బమ్‌లో 'ఫ్యామిలీ బిజినెస్' అయ్యాయి. విడిపోయిన ఇంట్లో సామాన్లు పంచుకున్నట్టు.

ఒకే ఒక్క జాగ్రత్త. లిరిక్స్ చదువుతూ వినండి, ముఖ్యంగా మొదటిసారి. ఫిష్ స్కాటిష్ ఉచ్చారణలో సగం మాటలు మనకి జారిపోతాయి. స్పీకర్ మీద, నలుగురు మాట్లాడుకుంటుంటే పెట్టకండి. పబ్‌లో అసలు పనికిరాదు. రాత్రి హెడ్‌ఫోన్స్‌తో, యాభై నిమిషాలకి పైచిలుకు ఖాళీ చేసుకుని వినండి.

ఇక మీ రూమ్మేట్. ఈ ఆల్బమ్ తాగుడిని పొగడదు. అయినా మొదటి మూడు పాటలు బార్‌ని ఎంత దగ్గరగా, ఎంత అందంగా చూపిస్తాయంటే, కొత్తగా మానేసినవాడికి ఆ వాసన తగులుతుంది. నా దగ్గర నేర్చుకుని మందు మానేసిన ఒకతను 'జస్ట్ ఫర్ ద రికార్డ్' సగంలో ఆపేయమన్నాడు. తన మాటలే ఎవరో తిరిగి అప్పజెప్తున్నట్టుంది, ఇప్పుడు వినలేనన్నాడు. ఆ తర్వాత చాలా కాలానికి తనంతట తానే అడిగి మొత్తం విన్నాడు. మీ వాడు అడిగేదాకా ఆగండి. ఈలోపు అతనికి మళ్లీ లాగుతోందని అనిపిస్తే పాటల మీద ఆధారపడొద్దు, మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి వ్యసనాల చికిత్సకి ప్రత్యేక విభాగం ఉంది, తీసుకెళ్లండి. పక్క గదిలో అతను ఉంటే మీరు హెడ్‌ఫోన్స్‌లోనే వినండి.